మా ఆయన అందగత్తె అయిన జాతర

ఆ రోజుల్లో నాకు అసూయ పడటానికి పెద్ద కారణాలేమీ అక్కర్లేదు. ఎదురింటక్క పెరట్లో కరివేపాకు చెట్టు మాదానికంటే గుబురుగా పెరిగిందని ఓ వారం పాటు ఆమెతో ముక్తసరిగా మాట్లాడాను. నాతో బీఈడీ చదివిన స్నేహితురాలికి మొగుడు పుట్టినరోజు నాడు వాచీ కొనిచ్చాడని తెలిస్తే, ఫోటోలో ఆ వాచీ పట్టీని పెద్దది చేసి చూసి, చవకరకమేలే అని తీర్పు చెప్పుకుని అన్నం తిన్నాను. ఇప్పుడు నలభై దాటాక వెనక్కి చూసుకుంటే, ఆ వయసులో అసూయ కూడా ఆకలిలాంటిదేననిపిస్తుంది. వేళకు పుడుతుంది, ఏదో ఒకటి వేస్తే చల్లారుతుంది, మళ్ళీ పూటకు సిద్ధంగా ఉంటుంది. అయినా ఆడది పక్కింటి ఆడదాన్ని చూసి కుళ్ళుకోవడం లోకంలో ఉన్నదే. తాళి కట్టిన మొగుణ్ణి చూసి, అదీ అతని అందాన్ని చూసి, అదీ చీరలో చూసి కుళ్ళుకున్నదాన్ని ఈ భూమ్మీద నేనొక్కదాన్నేనని మాత్రం చాలాకాలం నమ్మాను.

మాది సత్యవేడు. మా నాయనకు వేరుశనగ, వరి, నాలుగు మామిడిచెట్లు. తిరుపతిలో పైపుల అంగడి వాళ్ళింటికి నన్ను కోడలిగా ఇచ్చారు. పైపులంటే ఇళ్ళకు వేసే నీళ్ళ గొట్టాలు, కొళాయిలు, వాటిని అతికించే జిగురు డబ్బాలు. మా ఆయన పొద్దంతా ఆ గొట్టాల మధ్య నిలబడి, సాయంత్రానికి వాటి రంగులోకే మారి ఇంటికొచ్చేవాడు. మాటలు తక్కువ, మీసం ఎక్కువ. (పెళ్ళిచూపుల్లో నేను తలెత్తి చూసింది ఆ మీసాన్నే. మిగతా మొహం తర్వాత నెమ్మదిగా చూసుకోవచ్చులే అనుకున్నాను.) నేను ఏర్పేడు దగ్గర ఒక బడిలో లెక్కలు చెప్పేదాన్ని. రోజూ పోనూ రానూ బస్సు. ఆ బస్సులో గుంపు మధ్య నిలబడ్డప్పుడు ఎవరెవరివో చేతులు ఎక్కడెక్కడికో వచ్చేవి. ఒకట్రెండుసార్లు మా ఆయనతో చెప్పుకున్నాను. జనం కదా, తగులుతుంది, కొంచెం సర్దుకో అనేవాడు. చెడ్డవాడు కాదు. తెలియదు, అంతే. ఇక మా అత్త ఉందే, పొడుగ్గా, నిటారుగా, తాళంచెవుల గుత్తి బొడ్లో దోపుకుని నడిచే మనిషి. నన్ను ఏనాడూ ఒక్క మాట అనలేదు. అలాగని మెచ్చుకోనూ లేదు. నేను చేసిన పప్పు తిని, 'ఉప్పు సరిపోయింది' అనేది. అదే నాకు ఏడాదికి సరిపడా ప్రశంస.

తిరుపతిలో కొండమీది స్వామికి ఏడాది పొడుగునా ఉత్సవాలే కానీ, ఊరు ఊరంతా తనదిగా చేసుకునేది మాత్రం ఎండాకాలంలో వచ్చే గంగమ్మ జాతర. అమ్మ స్వామికి చెల్లెలని అక్కడివాళ్ళ నమ్మకం. వెనకటికి ఒక పాలెగాడు కంటికి నదురుగా కనిపించిన ఆడవాళ్ళనల్లా చెరపడుతుంటే, అమ్మ రోజుకొక వేషం కట్టి వాణ్ణి వెతికి, పట్టి, చంపిందట. అందుకని జాతర వారంలో మగవాళ్ళు మొక్కుబడిగా వేషాలు కడతారు. అన్నిట్లోకీ ఎక్కువ మంది కట్టేది ఆడవేషం. బ్యాంకుల్లో పనిచేసేవాళ్ళు, ఆటోలు తోలేవాళ్ళు, కాలేజీ పిల్లలు, మనవలున్న తాతలు, అందరూ పట్టుచీరలు కట్టి, పూలు పెట్టి, వేపమండలు పట్టుకుని గుడికి నడుస్తారు. ఎవరూ నవ్వరు. సత్యవేడులో పుట్టిన నాకు ఇదంతా వినికిడే తప్ప ఎరుక లేదు. పెళ్ళయిన మొదటి వేసవిలో, జాతర చాటింపు వేసిన మర్నాడు, మా అత్త అన్నం వడ్డిస్తూ ఆ సంగతి చల్లగా బయటపెట్టింది. ముప్పై దగ్గరపడుతున్నా కొడుక్కి సంబంధం కుదరకపోతే, పిల్ల దొరికితే వాడి చేత ఆడవేషం కట్టిస్తానని ఆమె అమ్మకు మొక్కుకుందట. పిల్ల దొరికింది. అంటే ఆ పిల్ల నేనే, ఈ మొత్తం వ్యవహారానికి మూలకారణమూ నేనే. మా ఆయన కంచంలో వేళ్ళు పెట్టి తల వంచుకున్నాడు. చెవులు ఎర్రబడ్డాయి. నాకు ఎంత జాలేసిందంటే, ఆ సాయంత్రం మిద్దె మీద పక్కన కూర్చుని, మొక్కు కదండీ, నేనూ పక్కనే నడుస్తాను కదా, సిగ్గెందుకు అని ధైర్యం చెప్పాను. అంత ఉదారంగా నేను ఆ సంవత్సరంలో మాట్లాడింది అదే మొదలు, అదే ఆఖరు.

వేషానికి నాలుగు రోజుల ముందే మా ఆయన మీసం తీయించుకొచ్చాడు. మంగలంగడి నుంచి వచ్చి గడపలో నిలబడి, బాగాలేదు కదా అన్నట్టు నా వైపు చూశాడు. నేను నవ్వబోయి ఆగిపోయాను. ఇన్నాళ్ళూ ఆ పొద కింద ఏముందో నాకు తెలియదు. సన్నటి పై పెదవి, దాని కుడిపక్కన అచ్చం కాటుక పుల్లతో పెట్టినట్టు ఒక పుట్టుమచ్చ. నేను డిగ్రీ చదివే రోజుల్లో సరిగ్గా అక్కడే, ఐబ్రో పెన్సిలుతో, ఏడాదిపాటు పెట్టుకున్న పుట్టుమచ్చ అది. దేవుడు ఒక పైపుల వ్యాపారికి ఉత్తపుణ్యానికి ఇచ్చి, దాన్ని మీసం కింద పెట్టి వృథా చేశాడు. మా అత్త అతని గడ్డం పట్టుకుని అటూ ఇటూ తిప్పి చూసి, కళ్ళు చిట్లించి, మా అమ్మ పోలికరా నీది అంది. ఆ గొంతులో ఉన్న మురిపెం నేను అంతకుముందు వినలేదు. అప్పుడే మొదటి చీమ కుట్టింది.

ఆ తర్వాత చీరల పెట్టె తెరుచుకుంది. మా అత్తకు పెళ్ళినాటి కంచిపట్టు ఒకటుండేది. వంకాయ రంగు, జానెడు జరీ అంచు, కొంగు నిండా అన్నపక్షులు. నాలుగు నెలల క్రితం సూళ్ళూరుపేటలో నా స్నేహితురాలి పెళ్ళికి ఆ చీర కట్టుకుంటానని అడగడానికి నేను మూడు రోజులు ధైర్యం కూడగట్టుకున్నాను. అడిగితే ఆమె కసురుకోలేదు. "ఆ జరీ బరువు నువ్వు మోయలేవు పాపా. నీ ఒంటికి నిలవదు" అని, నా భుజాలను ఒకసారి కొలిచినట్టు చూసి ఊరుకుంది. అదే చీరను ఇప్పుడు తెల్లటి పాతపంచెలోంచి విప్పి, మడతల్లోని ఎండు వేపాకులు దులిపి, కొడుకు భుజం మీద వేసి, రెండడుగులు వెనక్కి జరిగి చూసుకుంది. నిలిచింది. మా ఆయనకు నీళ్ళ గొట్టాల కట్టలు మోసి మోసి భుజాలు గట్టిపడి ఉన్నాయి మరి. ఒడ్డాణం పెట్టి చూస్తే మొదటి కొక్కేనికే పట్టింది. (నాకు పెళ్ళిలో అదే ఒడ్డాణానికి వెనక నల్లదారం కట్టాల్సివచ్చింది. ఆ సంగతి ఎవరికీ గుర్తులేదని నాకు నేను చెప్పుకుంటూ ఉంటే, ఎదురింటక్క గుర్తుచేసింది.)

అన్నిటికంటే నన్ను కాల్చింది నడక నేర్పడం. మూడు సాయంత్రాలు హాల్లో సోఫా పక్కకు జరిపి, మా అత్త అతనికి పాత చీర చుట్టి, అడుగు అడుగూ నేర్పింది. ఎంత ఓర్పు, ఎంత నిదానం! నాకు సంగటి కెలకడం కూడా అంత ఓర్పుగా నేర్పలేదు. ఈయన మొదట గొట్టాల లారీ ఎక్కినట్టే నడిచాడు. ఆమె విసుక్కోలేదు. చెయ్యి పట్టుకుని పక్కన నడుస్తూ, "మెల్లిగ నాయనా, మెల్లిగ. నీ పెండ్లాం మాదిరి దబదబా నడవాకు" అంది. నేను వంటింటి గుమ్మంలో చేటతో బియ్యం చెరుగుతున్నాను. ఆమె నన్ను నొప్పించాలని అనలేదు, అక్కడ నేనున్నానని కూడా ఆమెకు గుర్తులేదు. అది ఇంకా బాధ. ఏరాల్సిన రాళ్ళన్నీ బియ్యంలోనే ఉండిపోయాయి. మర్నాటి భోజనంలో అందరి పళ్ళ కిందా తగిలాయి. మూడోరోజుకు మా ఆయన చీర కొంగును ఎడమచేత్తో ఇలా ముందుకు లాక్కుని, తల కొంచెం వంచి, హాలు ఈ చివరి నుంచి ఆ చివరికి నడిచి వెనక్కి తిరిగి చూశాడు. నిజం చెప్పాలి కదా, నా గుండె ఒక్క లయ తప్పింది. అది మొగుణ్ణి చూసి తప్పిందా, సవతిని చూసి తప్పిందా అని మాత్రం ఇప్పటికీ తేల్చుకోలేదు.

వేషం కట్టే రోజు తెల్లారుతూనే మా ఇంట్లో పెళ్ళి కళ వచ్చింది. వీధి చివర బ్యూటీ పార్లర్ అమ్మాయి పెట్టెతో వచ్చి, మా ఆయన చెంప మీద వేలు పెట్టి, అన్నకు ఒక్క మొటిమ కూడా లేదు, పౌడరు ఊరికే జారిపోతోంది అని అబ్బురపడింది. ఎండాకాలం కావడంతో నా నుదుటి మీద అప్పటికి ఐదు చెమట కురుపులున్నాయి. ఆ అమ్మాయి వాటిని చూసి మర్యాదగా చూపు తిప్పుకుంది. తర్వాత సవరం, జడ, జడ చుట్టూ మా అత్త తెప్పించిన ఆరు మూరల మల్లెపూలు. నాకు రెండు మూరలు విడిగా ఆకులో పెట్టి ఇచ్చింది. చీర కట్టే పని నాది. కట్టాను. ఎంత కుళ్ళున్నా పని చెడగొట్టే అలవాటు లేదు నాకు, కుచ్చిళ్ళు స్కేలుతో గీసినట్టు పెట్టాను. భుజం మీద రెండు పిన్నీసులు గుచ్చాను. నగలన్నీ పెట్టి లేవదీశాక నడుం దగ్గర కుచ్చిళ్ళు కొంచెం జారితే, మళ్ళీ సర్ది పిన్నీసు పెడదామని మోకాళ్ళ మీద కూర్చున్నాను. పిన్నీసు నా పళ్ళ మధ్య ఉంది. సరిగ్గా అప్పుడు మా నాయన వచ్చాడు.

జాతర చూద్దామని సత్యవేడు నుంచి పొద్దున్నే బస్సెక్కి, భుజాన మామిడికాయల సంచీతో వచ్చిన మనిషి. తలుపు దగ్గర ఆగి, ఎదురుగా నిండుగా నిలబడ్డ పట్టుచీర మనిషిని చూసి, సంచీ కిందపెట్టి, రెండు చేతులూ జోడించాడు. "నమస్కారం తల్లీ. మా పాప లోపల ఉండాదా?" అన్నాడు. మా ఆయన కంగారుపడి తన మామూలు బొంగురు గొంతుతో, రాండి మామా, కూర్చోండి అన్నాడు. మా నాయన మెల్లిగా దగ్గరికొచ్చి, చుట్టూ ఒక ప్రదక్షిణం చేసి, నేల మీద కూర్చున్న నన్ను అప్పుడు గమనించి, నా చెవి దగ్గర వంగాడు. "పాపా, నిజం జెప్తే కోపం తెచ్చుకోవాకు. పెండ్లినాడు నువ్వు గూడా ఇంత లచ్చణంగా లేవు" అన్నాడు. కన్నతండ్రి. చేలో ఎండన పనిచేసి నన్ను చదివించిన మనిషి. నేను లేచి నిలబడ్డాను. పళ్ళ మధ్య ఉన్న పిన్నీసు తీసి, జాగ్రత్తగా మూసి, నా తాళిబొట్టు గొలుసుకి, ఎప్పుడూ ఉండే రెండింటి పక్కన తగిలించుకున్నాను. ఒడ్డాణం పట్టి ఉంచుతుందిలే అని మనస్సాక్షికి చెప్పాను. మనస్సాక్షి ఏమీ అనలేదు. దానికీ ఆ మాట తగిలినట్టుంది.

మా నాయన ఎండకు ఓర్చలేనని ఇంట్లోనే ఆగాడు. మేం ముగ్గురం బయలుదేరాం. ముందు మా ఆయన, చేతిలో వేపమండ. పక్కన కర్పూరం పళ్ళెంతో నేను. వెనక పసుపునీళ్ళ చెంబుతో మా అత్త. వట్టికాళ్ళ కింద రోడ్డు పెనంలా ఉంది. డప్పుల మోతలో పక్కమనిషి మాట వినపడదు. వీధి మలుపు తిరగ్గానే మొదలైంది. ఎదురింటక్క వాళ్ళ చుట్టాలు, మా అంగడికి వచ్చే ప్లంబర్లు, ముక్కూమొహం తెలియనివాళ్ళు, అందరూ ఆగి ఆగి చూశారు. ఒక ముసలావిడ మా ఆయన బుగ్గలు పుణికి మెటికలు విరిచి దిష్టి తీసింది. కాలేజీ అమ్మాయిలు సెల్ఫీలడిగారు. మెడలో కెమెరా వేసుకున్న ఒక కుర్రాడు వెనక్కి వెనక్కి నడుస్తూ ఫోటోలు తీసి, నాకు చూపించాడు. అన్నిట్లోనూ మా ఆయన చంద్రబింబంలా ఉన్నాడు. ఒకదాంట్లో నా మోచెయ్యి కూడా పడింది. ఆ కుర్రాడు, పళ్ళెం కొంచెం పక్కకు పెట్టక్కా, నగ కనబడటం లేదు అన్నాడు. నేను పళ్ళెం పక్కకు పెట్టాను. లోపల కర్పూరం నా ప్రమేయం లేకుండానే మండుతోంది. మా అత్త వైపు చూస్తే, ఆమె ఆ చూసేవాళ్ళందరినీ చూసుకుంటూ, మహారాణి తల్లిలా నడుస్తోంది.

గుడి దగ్గరపడేసరికి జనం చిక్కబడ్డారు. అక్కడ కుచ్చిళ్ళు విడిపోయాయి. జరీ బరువు కదా, ఒకటి జారితే మిగతావన్నీ దాని వెంట నడిచాయి. మా ఆయన వేపమండ నా చేతిలో పడేసి, రెండు చేతులతో బొడ్డు దగ్గర చీర పట్టుకుని నిలబడిపోయాడు. మొహంలో అలంకారం అంతా అలాగే ఉంది, దాని వెనక నుంచి పైపులంగడి మనిషి బెదురుగా చూస్తున్నాడు. ఒక్క క్షణం, ఒకే ఒక్క క్షణం, నాకు హాయిగా అనిపించింది. ఆ క్షణానికి శిక్ష వెంటనే పడింది. పక్కనుంచి రాసుకుంటూ పోతున్న ఒక మనిషి, యాభై ఏళ్ళుంటాయి, నుదుట ఇంత కుంకుమ, చేతిలో కొబ్బరికాయల సంచీ, మా ఆయన నడుం ఒట్టిగా కనబడేచోట గట్టిగా గిల్లాడు. మా ఆయన రెండు చేతులూ చీరకే అంకితమై ఉన్నాయి. అబ్బా అన్నాడు, మగగొంతుతో. ఆ మనిషి ఉలిక్కిపడి మొహంలోకి చూసి, నొచ్చుకున్నాడు. నిజంగానే నొచ్చుకున్నాడు. "మొగోడివా అప్పా? ఆడమనిషి అనుకొన్నా. తప్పుగా అనుకోవాకు" అన్నాడు.

నాకు తర్వాత జరిగింది ముక్కలు ముక్కలుగానే గుర్తుంది. "ఆడమనిషైతే గిల్లొచ్చా?" అని నేను అడిగాను. మామూలుగానే అడిగాననుకున్నాను, కానీ పది గజాల దూరంలో డప్పులు ఆగాయట. అతను ఏదో నసిగాడు. నేను పళ్ళెం కిందపెట్టి (కర్పూరం దొర్లకుండా, జాగ్రత్తగా), వేపమండతో కొట్టాను. ఆకులు రాలాయి. మళ్ళీ కొట్టాను. ఏర్పేడు బస్సులో ఇన్నాళ్ళుగా సర్దుకున్నవన్నీ ఒక్కొక్కటే గుర్తొచ్చాయి, ఒక్కొక్కదానికీ ఒక దెబ్బ. అతను కొబ్బరికాయల సంచీ వదిలేసి జనంలో కలిసిపోయాడు. అప్పటికి నా జడ ఊడిపోయింది, బొట్టు చెమటకు ముక్కు దాకా కారింది, చేతిలో రెమ్మలు మాత్రం మిగిలిన వేపమండ ఉంది, ఊపిరి బుసలుగా వస్తోంది. జాతరలో అలాంటి ఆడమనిషిని చూస్తే జనం ఏమనుకుంటారో నాకు తట్టలేదు. ఎవరో పెద్దావిడ, "అమ్మ వచ్చిండాది" అంది. డప్పులు నా వైపు తిరిగాయి.

కాదు అని చెప్పవలసింది. చెప్పబోయేలోపు ఎవరో నా పాదాల మీద చల్లటి పసుపునీళ్ళు పోశారు. ఆ ఎండలో, కాలిన అరికాళ్ళకి, ఆ చల్లదనం ఎలా ఉందంటే, నోరు మూసుకున్నాను. అవునని అనలేదు, కాదని అనలేదు. చుట్టూ వలయం కట్టారు. నిమ్మకాయ ఇచ్చారు. కొంగులు పట్టారు. కెమెరా కుర్రాడు మా ఆయన్ని, అక్కా కొంచెం జరుగు అని తోసి, నా ముందుకొచ్చి నిలబడ్డాడు. ఒకావిడ కళ్ళనీళ్ళతో, తల్లీ, మా పిల్లోడికి పాలిటెక్నిక్కులో సీటు వస్తాదా అని అడిగింది. బడిలో అలవాటైన నోరు. "చదివితే వస్తుంది" అన్నాను. ఆ మాట వెనకవాళ్ళకు, వాళ్ళ వెనకవాళ్ళకు పోయింది. చదివితే వస్తాదంట, చదివితే వస్తాదంట అని గుంపు గుంపంతా తలలూపింది. నేను ఆ ఏడాదంతా తరగతిలో మొత్తుకుంటే ఒక్కరు వినని మాట అది. నిజం దాచను, నాకు బాగుంది. ఆరు మూరల మల్లెపూలవైపు ఎవరూ చూడటం లేదు, ఇంకా బాగుంది.

అప్పుడు జనాన్ని తప్పించుకుని మా అత్త ముందుకొచ్చింది. నన్ను పైనుంచి కిందిదాకా చూసింది. తన చెంబులోని పసుపునీళ్ళు నా కాళ్ళ మీద పోసి, తాళంచెవుల గుత్తి కొంగులో దోపుకుని, రెండు చేతులూ జోడించింది. "ఏం కావాల తల్లీ? అడుగు, ఇస్తాను" అంది. ఆ నిటారు మనిషి నా ముందు వంగి నిలబడింది. ఇంతలో పక్కనుంచి, చీర రెండు చేతులా పట్టుకున్న మా ఆయన, పెదవులు కదలకుండా గొణిగాడు. "చీర అడుగు. ఇప్పుడడిగితే ఇచ్చేస్తాది." నేను అదిరిపడి అతని వైపు చూశాను. కాటుక కళ్ళలో నవ్వు. అంటే ఈ నాలుగు రోజులుగా నా కడుపుమంట అంతా ఆయనకు తెలుసు. చేటలో బియ్యం సంగతీ తెలుసు, సూళ్ళూరుపేట పెళ్ళి సంగతీ తెలుసు. తెలిసే హాల్లో వెనక్కి తిరిగి అంత వయ్యారంగా చూశాడన్నమాట. చీర నా నాలుక చివరిదాకా వచ్చింది. కానీ జోడించిన ఆ చేతుల్ని చూసి అబద్ధం ఆడలేకపోయాను. "అంబలి" అన్నాను. జాతరలో వీధి వీధికీ రాగి అంబలి కాచి పోస్తుంటారు. క్షణంలో తెచ్చారు. మూడు గ్లాసులు తాగాను. ఆ తర్వాత నలుగురు ఆడవాళ్ళు చుట్టూ కొంగులు అడ్డం పట్టగా, అమ్మ పూనిన మనిషే కింద కూర్చుని మొగుడి కుచ్చిళ్ళు సర్ది, పిన్నీసు పెట్టింది. మొక్కు తీర్చుకుని ఇంటికొచ్చాం.

ఆ సాయంత్రం మా ఆయన అద్దం ముందు కూర్చుని, కొబ్బరినూనె దూదితో మొహం తుడుచుకుంటున్నాడు. ఒక కన్ను మామూలుగా అయింది, ఇంకో కన్ను ఇంకా అందగత్తెదే. నడుం మీద గిల్లినచోట కమిలింది. అద్దంలోంచే నన్ను చూస్తూ, "బస్సులో రోజూ ఇట్లే ఉంటాదా?" అన్నాడు. రోజూ కాదు, వారానికి రెండు మూడుసార్లు అన్నాను. ఆయన సర్దుకో అని మళ్ళీ ఎన్నడూ అనలేదు. జూన్‌లో బడి తెరిచాక మొదటి పదిహేను రోజులు, ఏర్పేడు పక్కన ఏదో గొట్టాల ఆర్డరుందని చెప్పి, నాతోపాటు అదే బస్సెక్కాడు. అక్కడ ఏ ఆర్డరూ లేదు. నేనూ అడగలేదు.

మా అత్త మాత్రం పెరట్లో చీర ఆరవేసి, అంచుకు అంటిన పసుపు మరకను చూసుకుంటూ కూర్చుంది. నేను పోయి పక్కన నిలబడ్డాను. ఒప్పుకుందామనే పోయాను. ఆమె తల తిప్పకుండానే, అమ్మ పూనిన మనిషి చదివితే వస్తాదని చెప్పదులే అంది. తెలిసి మరి నా కాళ్ళకు నీళ్ళెందుకు పోశావత్తా అని అడిగాను. వాణ్ణి కొట్టినావు చూడు, ఆ నిమిషానికి పోసినా అంది. తర్వాత ఆమె కళ్ళు నా తాళిబొట్టు గొలుసు మీదికి వచ్చాయి. ఆ గొలుసుకు ఇంకా రెండు పిన్నీసులు వేలాడుతున్నాయి. నడుముకు పెట్టలేదు కదా పొద్దున అంది. నేను నేల చూపులు చూశాను. తిడుతుందనుకున్నాను. ఆమె మరక మీద వేలితో మెల్లిగా రాస్తూ, "నాకు గూడా అయింది పాపా కడుపుమంట. ఆ చీరలో నేనెప్పుడూ అంత బాగుండలా" అంది. అని, నవ్వింది. నేనూ నవ్వాను. లోపలినుంచి మా నాయన, ఏమైందని కేకేశాడు. ఇద్దరం ఏమీ లేదన్నాం. చీర మాత్రం మళ్ళీ పెట్టెలోకే పోయింది. ఆ విషయంలో ఆమె తొందరపడే మనిషి కాదు.

ఇవన్నీ జరిగి చాలా ఏళ్ళయింది. మా ఆయనకు జుట్టు పలచబడింది, ముందుకు పొట్ట వచ్చింది, మీసంలో తెలుపు దిగింది. పోయిన జాతరకు ఇద్దరం రోడ్డు పక్కన నీడన నిలబడి వేషాలు చూస్తున్నాం. ఒక కుర్రాడు వచ్చాడు, చిలకపచ్చ పట్టుచీరలో, చూసిన కళ్ళు తిప్పుకోలేనంత బాగున్నాడు. జనం ఫోన్లెత్తారు. అతని పక్కన కొత్తగా పెళ్ళయిన పిల్ల, మెడలో పసుపుతాడు ఇంకా కొత్తగా ఉంది, చేతిలో కొబ్బరికాయల బుట్ట, మొహం ముటముటలాడుతోంది. నాకు కాళ్ళు నిలవలేదు. గుంపులో దూరి ఆ పిల్ల పక్కకు పోయి, అతని కంటే నువ్వే బాగున్నావమ్మా అని చెవిలో చెప్పాను. ఆ పిల్ల నన్ను ఎగాదిగా చూసింది. "అబద్ధం జెప్పొద్దక్కా. నాకు కండ్లు లేవా?" అని, బుట్ట ఇంకో చంకకు మార్చుకుని, చరచరా ముందుకు పోయింది. నేను అక్కడే నిలబడి ఆమె వీపు కనబడినంతసేపూ చూశాను. కోపంలో ఆ మెడ ఎంత ఠీవిగా నిలబడిందో, ముడుచుకున్న ఆ మొహంలో ఎంత కళ ఉందో, చూడాల్సిన ఫోన్లన్నీ అవతలివైపు తిరిగి ఉన్నాయి. ఆ వయసులో నేనూ అలాగే ఉండి ఉంటాననీ, ఆ కళను అప్పుడు ఒక్కరైనా చూసి ఉంటే సరిపోయేదనీ అప్పుడనిపించింది.